గుట్ట మొదట ఆగిన డంపర్లు

కోటానుకోట్ల ఏండ్లు నేలపొరల నడుమ నిదురించి, నేడు మన ఇంటి దీపమై మేలుకొంటున్న ఆ నల్లని తేజస్సుకు మొదటి నమస్కారం. దానిని వెలికితెచ్చే చేతులకు రెండవ నమస్కారం. నా తప్పును నేనే చెప్పుకోవలసిన ఈ వ్రాతలో మాట తడబడకుండా చూడుమని వాగ్దేవికి మూడవది.

శుభకృత్ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ ద్వాదశి, శనివారం నాడు గోదావరిఖని ప్రాంతంలోని ఒక ఓపెన్‌కాస్టు గనికి ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించాను. నా పదవీ విరమణకు అప్పటికి తొమ్మిది నెలల గడువు ఉంది. సాధారణంగా అటువంటి వయసు అధికారికి కార్యాలయంలో తేలికపాటి పని అప్పగిస్తారు. నాకు మాత్రం ఇరవైరెండు డంపర్లను అప్పగించారు.

ఆ డంపర్ల సంగతి పాఠకులకు కొంత చెప్పాలి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పైన మట్టి, రాయి కలిసిన మందపాటి పొర ఉంటుంది. దానిని ఓబీ అంటాము. షవల్ అనే యంత్రం ఆ ఓబీని తవ్వి డంపరులో పోస్తుంది. డంపరు దానిని గని అడుగు నుంచి వాలుబాటపై పైకి మోసుకొచ్చి, దూరంగా కుప్పపోసి, ఖాళీగా తిరిగి వెళ్తుంది. ఒక్కొక్క డంపరు నిండితే వంద టన్నుల బరువు మోస్తుంది. దాని చక్రం మనిషి కంటే ఎత్తు. ఇంతటి జంతువు తాగేది డీజిల్. ఎంత డీజిల్‌కు ఎంత మట్టి మోసిందన్నదే దాని యోగ్యతకు కొలమానం.

మా ఇరవైరెండు డంపర్లూ ఆ కొలమానంలో ఓడిపోయాయి. సంస్థ విధించిన పరిమితిని ప్రాజెక్టు ఆఫీసరు గదిలోని పటం మీద ఎర్రగీతగా గీసి ఉంచారు. మా డీజిల్ వాడకాన్ని చూపే నల్లగీత ఏడాదిగా దానికి పైననే నడుస్తోంది. పైగా పొగ. డంపర్లు పోసిన మట్టిగుట్టకు పక్కనున్న చేలల్లో అప్పుడు పత్తి ఏరుతున్నారు. ఏరిన పత్తి మీద మసి పడుతున్నదని రైతులు ఒకటికి రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు.

నాకు అందిన ఉత్తరువు సంక్షిప్తమైనది. మాఘ పూర్ణిమ నాటికి నల్లగీత ఎర్రగీత కిందికి దిగాలి. దిగకపోతే ఈ డంపర్లను పక్కనపెట్టి, మట్టి మోసే పనిని బయటి గుత్తేదారుకు ఇస్తారు. ఆపరేటర్లను కొత్తగూడెం వైపు గనులకు పంపుతారు. మూడు షిఫ్టులకూ కలిపి డెబ్బైమందికి పైగా ఆపరేటర్లు. వారిలో అందరికంటె పెద్దవాడు కనకయ్య. అతని సర్వీసు ఇంకా పదునాలుగు నెలలు మిగిలి ఉంది.

నేను చేరిన మరునాడే మొదటి షిఫ్టు మొదలయ్యే వేళ కనకయ్య నా ముందుకు వచ్చి నిలిచాడు. సన్నని మనిషి, నెరిసిన మీసం, తలకు తువాలు, దాని మీద హెల్మెట్.

"బదిలీ అంటున్నరట గద సార్. పొమ్మంటె పోత. కని మా ఇంటామె రామగిరిల అంగన్‌వాడి టీచరు. ఆమె కొలువిడిసి రాదు. గీ వయసుల నేనొక్కన్నే పొయ్యి ముట్టించుకోవాల్నా?"

వెనుకనున్న ఆపరేటర్లలో ఒకడు అందుకున్నాడు. "కనకయ్య కాక వండిన కూర డంపర్ల పోస్తె అదిగూడ దగ్గుతది సార్! జెర సూడుండ్రి."

అందరూ నవ్వారు. కనకయ్య నవ్వలేదు. అతని చూపు నా ముఖం మీది నుంచి కదలలేదు. ఆ చూపులో ప్రార్థన లేదు; నేను ఏపాటి మనిషినో తూచి చూడటం మాత్రమే ఉంది. ఈ గనిలోనే ముప్పై ఏండ్ల కింద నేను అసిస్టెంటు ఇంజనీరుగా పని నేర్చుకున్నాను. అతడు అప్పుడే డంపరు ఎక్కినవాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో ఆనాడు అడగలేదు.

మొదటి నెల శాస్త్రం చెప్పినట్లే నడిచాను. యంత్రం పొగ కక్కితే ముందు దాని శ్వాసను చూడాలి. గాలి వడపోత గొట్టాలలో దుమ్ము పేరుకొంటే లోనికి గాలి చాలదు, డీజిల్ సగం కాలి మసి అవుతుంది. ఇంజక్టర్లు, అంటే డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మే నాళికలు, అరిగితే తుంపర బదులు ధార పడుతుంది. ఆ ధార కూడా సరిగా కాలదు. టైర్లలో గాలి తగ్గితే బండి తనను తానే ఈడ్చుకుంటుంది. వీటన్నిటినీ వర్క్‌షాపు ఫోర్‌మన్ సత్యానందం ఒక్కొక్క బండిని నిలిపి సరిచేశాడు. అతని తండ్రి, తాత కూడా గనిలోనే చేసినవాళ్లు. ఆదివారం ఉదయం చర్చిలో కీర్తన పాడి, మధ్యాహ్నం పిలిస్తే వచ్చి ఇంజను కింద దూరేవాడు.

"మనిషికి జరమొస్తె నాలుక సూస్తరు, బండికొస్తె పొగ సూడాలె," అని అతని సిద్ధాంతం. "తెల్లపొగైతె నీళ్లు, నీలిపొగైతె ఆయిలు, నల్లపొగైతె ఆకలి సార్. గాలి ఆకలి."

షవల్ దగ్గర వంతుకోసం నిలిచినప్పుడు, తిండివేళల్లోను ఇంజను ఆపాలని నియమం పెట్టాము. గ్రేడరుతో బాటను చదును చేయించాము. మార్గశిర పూర్ణిమ నాటికి నల్లగీత ఎర్రగీత వైపు సగం దూరం దిగింది. అక్కడ ఆగింది. పది రోజులు చూశాను. వెంట్రుకవాసి కదలలేదు. సత్యానందం చేతులు తుడుచుకొని, "ఇగ బండ్లల్ల ఏం లేదు సార్. నా తరఫు అయిపోయింది," అన్నాడు. అతడు ఆ మాట తేలికగా అనే మనిషి కాదు.

పుష్యమాసం ప్రవేశించింది. ఒకనాటి ఉదయం కార్యాలయపు వరండాలో కూర్చుని కాగితాలు చూస్తున్నాను. మా తండ్రిగారు నాకు బాల్యంలో ఛందస్సు చెప్పారు. పద్యాన్ని కంటితో కాక చెవితో చదవడం ఆయన నేర్పిన పద్ధతి. ఆ అలవాటు వలన కావచ్చు, దూరాన డంపర్ల ధ్వనిని నా చెవి తెలియకుండానే లెక్కిస్తోంది. గని అడుగు నుంచి నిండు బండి ఎక్కి వస్తున్నప్పుడు ఒకే స్థాయిలో సాగే మంద్రస్వరం. ఆ స్వరం ఒకచోట తెగుతుంది. రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం. ఒక హారన్. ఆ వెంటనే కర్ణకఠోరమైన గర్జన. మళ్ళీ బండి, మళ్ళీ అదే చోట అదే విరుపు. సాగవలసిన పాదం మధ్యలో ఎవరో నిలిపి నిలిపి చదువుతున్నట్లు ఉంది. ఒక బండి ఆగితే యాదృచ్ఛికం. ప్రతి బండీ ఆగితే అది నియమం.

జీపు తీసుకొని ఆ చోటికి వెళ్లాను. గనిలో నుంచి వచ్చిన బాట అక్కడ మలుపు తిరిగి, మట్టిగుట్టను ఎక్కడం మొదలుపెడుతుంది. ఆ గుట్టను పోసినవి ఈ డంపర్లే. ఏడెనిమిది అంతస్తుల ఎత్తు ఉంటుంది. మలుపులో రోడ్డు పక్కన పసుపు పూసిన ఒక రాయి, దానికి కుంకుమబొట్లు, ముందు నిమ్మకాయలు. మైసమ్మ.

నేను చూస్తుండగా ఒక నిండు డంపరు వచ్చింది. మలుపులో పూర్తిగా ఆగింది. ఆపరేటరు పైన తన గదిలో నుంచి రాయి వైపు చేయెత్తి మొక్కాడు. హారన్ కొట్టాడు. అప్పుడు వంద టన్నుల బరువును నిలిచినచోటి నుంచి, గుట్ట ఎదుట, కదిలించడానికి ఇంజను తన శక్తినంతా కూడగట్టింది. గొట్టంలో నుంచి కారునలుపు పొగ గుమ్మరించినట్లు లేచి, గాలివాలున పత్తిచేల వైపు వాలింది. వెనుక వచ్చిన బండీ అంతే. దాని వెనుకదీ అంతే.

ఈ డంపర్ల ఇంజనుకు ఒక జ్ఞాపకపేటిక ఉంటుంది. ఏ క్షణాన ఎంత డీజిల్ తాగిందో అందులో నమోదవుతుంది. ఆ రోజే మూడు బండ్ల పేటికలను కంప్యూటరుకు తగిలించి చూశాము. గీత గని అడుగు నుంచి నిలకడగా వచ్చి, మలుపు దగ్గర తాటిచెట్టులా లేచింది. సత్యానందం ఆ గీతను వేలితో తడిమి, "గిదా సంగతి! ఇన్ని దినాలు నేను బండిని కోసిన సార్, రోగం బాటకాడుంది," అన్నాడు.

కదలుతున్న బరువును కదిలిస్తూ ఉంచడం సులభం. ఆగిన బరువును ఏటవాలు మీద మళ్ళీ లేపడం అతికష్టం. ఒక్కొక్క బండి షిఫ్టుకు ఇన్నిసార్లు ఆ మలుపులో ఆగుతుంటే, మేము వడపోతలు ఎన్ని మార్చినా గీత దిగకపోవడంలో వింత లేదు.

అప్పటికి నాకు తోచిన కారణం మైసమ్మ. మర్నాడు షిఫ్టు మారే వేళ ఆపరేటర్లను అడిగాను, మొక్కు కోసమే ఆగుతున్నారా అని.

"మొక్కుడు మొక్కుతం సార్, కని ఆగుడు మొక్కుడుకు కాదు," అన్నాడు ఒకడు. "ఆగాలె. రూలుంది."

ఏ రూలని అడిగాను. అతడు కనకయ్యను చూశాడు. "కాక, నువ్వు జెప్పు. నాకు నేర్పింది నువ్వే గద."

కనకయ్య గొంతు సవరించుకొని, బడిలో పిల్లవాడు ఒప్పజెప్పినట్లు చెప్పాడు:

"బరువెత్తిన బండి మలుపున నిలువవలెను. నిలిచి బ్రేకు పట్టు చూడవలెను. చూచి హారన్ మోగింపవలెను. మోగించి ముందుకు సాగవలెను."

నా చేతిలోని కలం ఆగింది. ఆ వాక్యాలు ఈ గనిలో పుట్టిన భాష కావు. ఒక వాక్యం విడిచిన మాటను తరువాతి వాక్యం పట్టుకొనే ఆ అల్లిక ముక్తపదగ్రస్తమనే అలంకారం. యౌవనంలో నాకు దానిమీద అమితమైన మోజు.

కనకయ్య జేబులో నుంచి ప్లాస్టిక్ తొడుగులో భద్రపరచిన కాగితం ఒకటి తీసి, మడత విప్పి, నా ముందు పెట్టాడు. అంచులు పసుపుపచ్చగా మారాయి. అడుగున సంతకం.

"గీ సంతకం ఎవరిదో సూడుండ్రి సార్," అన్నాడు. మీసం చాటున చిన్న నవ్వు. "వచ్చిన దినమే గుర్తువట్టిన. పెద్దసారు అయిండు, తనది తనకు యాదికుంటదో లేదో సూద్దామని ఊకున్న."

ఆ సంతకం నాది.

ముప్పై ఏండ్ల కిందటి సంగతి ఇది. ఇప్పుడు గుట్ట ఉన్నచోట అప్పుడు పెద్ద పల్లం ఉండేది. ఆ పల్లాన్ని ఓబీతో పూడ్చాలని నిర్ణయించారు. నిండు డంపర్లు గనిలో నుంచి ఎక్కివచ్చి, ఆ మలుపు దాటి పల్లంలోకి దిగేవి. దిగేముందు బ్రేకు పట్టు చూసుకోవడం ప్రాణరక్షణకు అవసరం. మల్లయ్య అనే ఆపరేటరు బండి ఒకసారి బ్రేకు పట్టక దిగువకు జారింది. పక్క మట్టికట్టకు ఒరగబెట్టి ఎట్లో నిలిపి, అతడు క్షేమంగా దిగాడు. ఆ వారంలోనే నేను ఆ ఉత్తరువు వ్రాసి, గని మేనేజరు ఆమోదం పొంది, తెలుగులోనే ప్రకటించాను. ఆంగ్లంలో ఉత్తరువులు వ్రాసే కాలంలో అట్లా వ్రాసినందుకు నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. మనుషులు మరిచిపోలేని విధంగా వ్రాయాలని పూనుకొన్నాను. వారు మరిచిపోలేదు. తరువాతివారికి వల్లెవేయించారు.

పల్లం రెండు మూడేండ్లలో నిండింది. నిండిన పల్లం మీద మట్టి పడుతూనే ఉంది. పల్లం మట్టమై, మట్టం మెట్టయి, మెట్ట గుట్టయింది. దిగేచోటు ఎక్కేచోటుగా మారింది. ఉత్తరువు మాత్రం మారలేదు. నేను బదిలీపై వెళ్లిపోయాను. నా తరువాతి అధికారులకు అది అడగవలసిన విషయంగా తోచలేదు. ఎందుకంటే నేను వ్రాసిన నాలుగు వాక్యాలలో పల్లమన్న మాటే లేదు. ఏమి చేయాలో వ్రాశాను. ఎందుకు చేయాలో వ్రాయలేదు.

ఆపరేటర్ల ఎదుట ఆ మాటను అట్లాగే చెప్పాను. తప్పు బండిది కాదు, మీది కాదు, నాదని. కూర చమత్కారం చేసినవాడే మళ్ళీ నోరు విప్పాడు: "గంతే గద సార్! కొత్త కాయిదం రాయుండ్రి. ఈసారి జెర చిన్నగ రాయుండ్రి, నేర్సుకునేటందుకు నాకు వారం దినాలు పట్టింది."

ఈసారి కనకయ్య కూడా నవ్వాడు.

కాని పని అంత తేలికగా లేదు. వాహనాల రాకపోకల నియమం మార్చాలంటే గని మేనేజరు వ్రాతపూర్వకంగా అంగీకరించాలి; అంతకుముందు భద్రతా సమితి, అంటే అధికారులు, కార్మిక ప్రతినిధులు కలిసిన సంఘం, అపాయాలను తర్కించాలి. మేము ప్రతిపాదించినది ఇది: బ్రేకు పరీక్షను రద్దు చేయడం లేదు. షిఫ్టు మొదట చదునునేల మీద చేసే పరీక్ష యథాతథం. మలుపు దగ్గరి పరీక్షను గుట్టపైకి మార్చాలి. మట్టి పోసి ఖాళీ అయిన బండి దిగడం మొదలుపెట్టే ముందు అక్కడ ఆగి బ్రేకు చూసుకోవాలి. ఇప్పుడు దిగుడు అక్కడే ఉంది. ఖాళీ బండి ఆగి, తిరిగి పల్లానికి కదలడానికి పెద్దగా డీజిల్ అక్కరలేదు. సేఫ్టీ ఆఫీసరు బాటను కొలిపించి, ఇది మునుపటి కంటే క్షేమమని వ్రాసి ఇచ్చాడు. మేనేజరు సంతకం చేశాడు.

అయినా మొదటి రెండు రోజులు బండ్లు మలుపులో ఆగుతూనే ఉన్నాయి. కనకయ్యను పిలిచి అడిగాను.

"కాయిదం సదివిన సార్. బుర్రకెక్కింది. కని అమ్మ ముంగట్నించి ఆగకుంట పోవాలంటె కాలు బ్రేకు మీదికే పోతున్నది. ముప్పై ఏండ్ల కాలు సార్ ఇది. నా మాట ఇంటదా?"

ఆ రాయిని తొలగించవచ్చునా అని ఒక యువ అధికారి సూచించాడు. ఆ సూచనను అక్కడే ఆపాను. ఆ రాయిని నిలిపినది మల్లవ్వ. బ్రేకు పట్టని బండి నుంచి బతికి బయటపడిన ఆ మల్లయ్య భార్య. భర్త ఆ తరువాత చాలా ఏండ్లు పనిచేసి, విరమించి, ఇంట్లోనే కాలం చేశాడు. ఆమె గని క్యాంటీనులో వంట చేస్తుంది. ప్రతి మంగళవారం రాయికి పసుపు పూసేది ఆమే. అడగవలసినది ఆమెను.

సత్యానందాన్ని, కనకయ్యను వెంటబెట్టుకొని క్యాంటీనుకు వెళ్లాను. ఆమె వడల పిండి కలుపుతోంది. లేవవద్దని చెప్పి, సంగతంతా వివరించాను. అమ్మవారిని గుట్టపైకి మార్చుకోవచ్చునా అని అడుగుతూ, నాకున్న సంకోచాన్ని కూడా చెప్పాను. ఇది పుష్యమాసం, ప్రతిష్ఠలకు పనికిరాని కాలం. మాఘం దాకా ఆగుదామంటే పూర్ణిమకు పక్షం రోజులే మిగులుతాయి. అప్పటికి మా గీత దిగడం కష్టం.

మల్లవ్వ చేతికంటిన పిండిని గిన్నె అంచుకు గీస్తూ నా వైపు జాలిగా చూసింది.

"అమ్మకు పుష్యమేంది, మాగమేంది సార్? మంగళారమైతె సాలు. మీరు పంచాంగం సూసి బుగులుపడుతున్నరు. ఆమె పంచాంగం సదువుతదా?"

కనకయ్య అడిగాడు, కదిలిస్తే అమ్మకు కోపం రాదా అని.

"ఎందుకస్తది? నేను పెట్టినప్పుడు ఆడ గడ్డ, ముంగట లోయ. గడ్డ మీద గూసోని లోయల దిగేటోళ్లను సూసుకునేది. మీరు మట్టి పోసి పోసి గుట్ట జేసిండ్రు. ఇప్పుడు గుట్ట కింద గూసోని పొగ మింగుతున్నది. కోపమస్తె దానికి రావాలె! పైన పెట్టుండ్రి. దిగేటోడు ఎవడైన ఆమెకు మొక్కే దిగుతడు." పిండిలోకి మళ్ళీ చేయి పోనిచ్చి, "కనకన్నా, నీ పెండ్లాముకు జెప్పు, బోనం ఆమెదే మొదలు. మొగనికి పొయ్యి ముట్టించే బాద తప్పాలంటె తల మీద దీపం ముట్టించుకోని రమ్మను," అన్నది.

నేను ఉత్తరువులో వ్రాయక విడిచిన కారణాన్ని, ముప్పై ఏండ్లుగా మనసులో ఉంచుకొన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెను ఎవరూ అడగలేదు.

పుష్య బహుళ తదియ, మంగళవారం ఉదయం అమ్మవారిని తరలించాము. గ్రేడరు డ్రైవరు గుట్టపైన అంచుకు దూరంగా, డంపర్ల దారికి పక్కన, ఒక అరుగు కట్టించి ఉంచాడు. డప్పులు వచ్చాయి. మల్లవ్వ రాయిని కడిగి, కొత్తచీర పైట కప్పి, తన ఒడిలో పెట్టుకొని జీపులో కూర్చుంది. వెనుక దీపాల బోనాలతో ఆడవాళ్లు నడిచారు. అందరికంటె ముందు కనకయ్య భార్య. గంటసేపు మట్టి మోయడం ఆపడానికి ప్రాజెక్టు ఆఫీసరు అనుమతి ఇచ్చాడు. ఆయన కూడా వచ్చి చెప్పులు విడిచి నిలుచున్నాడు.

పూజ ముగిసింది. మొదటి నిండు బండిని కనకయ్య నడపాలని ఆపరేటర్లు తీర్మానించారు. అతడు దిగువకు వెళ్లి, షవల్ కింద బండి నింపుకొని బయలుదేరాడు. మేమందరం గుట్టపైన నిలుచుని మలుపు వైపు చూస్తున్నాము. డప్పులు ఆగాయి.

ఆ మంద్రస్వరం గని అడుగు నుంచి నెమ్మదిగా పైకి వచ్చింది. మలుపు సమీపించింది. అక్కడ రాయి లేదు, పసుపు మరక మాత్రం ఉంది. స్వరం కొద్దిగా సన్నగిల్లింది. సత్యానందం నా పక్కన, "కాలు, కాలు, కాలు దియ్యి," అని గొణిగాడు. స్వరం సన్నగిల్లి, మళ్ళీ నిండింది. తెగలేదు. బండి మలుపు తిరిగి, వచ్చిన వేగంతోనే గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. గొట్టం పైన పలుచని బూడిదరంగు ఆవిరి తప్ప మరేమీ లేదు. నా జీవితంలో విన్న సమపాదాలలో అంత నిర్దుష్టమైనదానిని మరొకదానిని ఎరుగను.

గుట్టపైన ఒక్కసారిగా కేకలు లేచాయి. డప్పులు మళ్ళీ మోగాయి. కనకయ్య పైకి వచ్చి, మట్టి పోసి, బండిని అమ్మవారి ముందు ఆపి, బ్రేకు పట్టు చూసుకొని, చేయెత్తి మొక్కి, హారన్ కొట్టాడు. తలుపు తెరిచి కిందికి అరిచాడు:

"కాలు ఇన్నది సార్!"

"కాలు గాదు కాకా, అంగన్‌వాడి మేడంకు భయపడ్డవ్!" అని కింది నుంచి జవాబు వచ్చింది.

ఆ నాటి సాయంత్రమే పేటికలు తెరిచి చూశాము. తాటిచెట్టు లేదు. మలుపు దగ్గర గీత గడ్డిపరకంత లేచి ఒదిగిపోయింది. రెండవ వారానికి పటం మీది నల్లగీత ఎర్రగీతను తాకింది. మూడవ వారానికి దాని కిందికి దిగింది. మాఘ పూర్ణిమకు నాలుగు రోజుల ముందు జనరల్ మేనేజరు కార్యాలయంలో సమీక్ష జరిగినప్పుడు గీత ఇంకా దిగుతూనే ఉంది. పొగ కొలిచే యంత్రంతో మలుపు దగ్గర చూసిన అంకెలు కూడా అనుమతించిన హద్దుకు లోబడి ఉన్నాయి. ఏయే భాగాలు మార్చారని, ఎంత ఖరీదైనవని సభలో ఒకరు ప్రశ్నించారు. చివరి సగానికి ఒక కాగితం, ఒక అరుగు మాత్రమే పట్టాయని సమాధానం చెప్పాను. గుత్తేదారు ప్రతిపాదనను అక్కడికక్కడే ఉపసంహరించారు. ఆ వార్త నేను జీపులో గనికి చేరేలోపే చేరింది. ప్రతి డంపరూ గుట్టపైన రెండేసి హారన్లు కొడుతున్నది.

ఈ ఘటన నాకు నేర్పినది వృత్తికి సంబంధించిన ఒక నియమం. యంత్రం అధికంగా తాగుతుంటే యంత్రాన్నే కాక దానిచేత మనం చేయిస్తున్న పనిని కూడా విప్పి చూడాలి. ఉత్తరువు ఎంత చక్కగా కుదిరితే అంత కాలం బతుకుతుంది. కనుక దాని పక్కనే దాని కారణాన్ని, దానిని తిరిగి పరిశీలించవలసిన గడువును వ్రాసి తీరాలి. ఆ తరువాత నేను సంతకం చేసిన ప్రతి కాగితంలోనూ ఆ రెండు పంక్తులను చేర్చాను. గుట్టపైని కొత్త ఉత్తరువులో మొదటి వాక్యం ఇట్లా ఉంటుంది: "ఈ గుట్ట నుంచి బండ్లు దిగుతున్నంతకాలమే ఈ నియమం వర్తిస్తుంది." అలంకారం లేదు. వల్లెవేయడానికి పనికిరాదని ఆపరేటర్లు ఫిర్యాదు చేశారు.

శోభకృత్ నామ సంవత్సరం, అధిక శ్రావణ మాసాంతానికి ముందే నేను పదవీ విరమణ చేశాను. అదే సంవత్సరం మార్గశిర బహుళ చవితి నాడు కనకయ్య అదే గనిలో, అదే డంపరు మీద తన చివరి షిఫ్టు ముగించి, గుట్టపైన బ్రేకు పట్టు చూసి, దిగి వచ్చి, తాళంచెవి ఫోర్‌మన్‌కు అప్పగించి, సాయంత్రానికి రామగిరిలో ఇంటికి చేరాడు.